జవాబు రాని ప్రార్థనలు: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రార్థన చేసీ చేసీ అలసిపోయినవాళ్లు, ఆ సంగతి సంఘంలో పైకి చెప్పుకోలేనివాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. దేవుడు ఉన్నాడా లేడా అని తేల్చే చర్చ ఇక్కడ లేదు. ఉన్నాడని నమ్ముతూనే, ఎందుకు పలకడం లేదో అర్థం కాక లోలోపల నలిగిపోతున్నవాళ్ల కోసం ఈ జవాబులు రాశాను. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి.

జవాబు రాలేదంటే నాకు విశ్వాసం తక్కువనేనా?

కాదు. ముందు ఈ సంగతి తేలిపోవాలి. చాలామందిని అసలు కష్టం కంటే ఈ అనుమానమే ఎక్కువ కుంగదీస్తుంది.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తీసి చదవండి. హేరోదు రాజు పేతురును చెరసాలలో వేయించాడు. నలుగురేసి సైనికులున్న నాలుగు జట్లు కాపలా. బయట సంఘం అత్యాసక్తితో ప్రార్థన చేస్తోంది. ఆ రాత్రి దూత వచ్చి పేతురును బయటికి తీసుకొచ్చాడు. అతను నేరుగా మార్కు తల్లి మరియ ఇంటికి వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే పనిపిల్ల అతని గొంతు గుర్తుపట్టింది. ఆ సంతోషంలో తలుపు తీయడం కూడా మరిచిపోయి లోపలికి పరుగెత్తి, పేతురు వచ్చాడని చెప్పింది. అంతసేపూ అతని కోసమే ప్రార్థిస్తున్నవాళ్లు ఏమన్నారో చూడండి: నీకు పిచ్చి పట్టింది అన్నారు. కాదు నిజమేనని ఆ పిల్ల గట్టిగా చెబితే, అది అతని దూత అయ్యుంటుందన్నారు. పేతురు బయట తలుపు కొడుతూనే ఉన్నాడు. విశ్వాసం ఎంతో కొలిచి దాన్నిబట్టే దేవుడు జవాబిస్తాడనుకుంటే, ఆ రాత్రి పేతురు జైల్లోనే ఉండాల్సింది.

మార్కు 9లో జబ్బుపడిన కొడుకును తెచ్చిన తండ్రి కూడా అంతే. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని ఏడ్చాడు. సగం నమ్మకం, సగం భయం. యేసు ఆ మాట మీద అతన్ని వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ని బాగుచేశాడు.

మరి సందేహించేవాడు సముద్ర తరంగం లాంటివాడని యాకోబు పత్రికలో ఉంది కదా అంటారు. యాకోబు అక్కడ మాట్లాడేది ద్విమనస్కుడి గురించి, అంటే దేవుని వైపు ఉండాలో లేదో ఇంకా తేల్చుకోనివాడి గురించి. వణుకుతూ, ఏడుస్తూ అయినా ఆయన దగ్గరికే వచ్చే మనిషి ఆ కోవలోకి రాడు. నజరేతులో యేసు ఎక్కువ అద్భుతాలు చేయలేదన్న మాట కూడా ఎత్తి చూపుతుంటారు. ఆ ఊరివాళ్లు ఆయన్ని చూసి అభ్యంతరపడ్డారు, తోసిపుచ్చారు. మీరు రాత్రిళ్లు నిద్ర మానుకుని ఆయన్నే పిలుస్తున్నారు. ఈ రెండింటికీ పోలికే లేదు.

"అడుగుడి మీకియ్యబడును" అని యేసే చెప్పాడు కదా. మరి అడిగితే ఎందుకు ఇవ్వలేదు?

ఆ వచనాన్ని తేలిక చేసి చెప్పడం నాకిష్టం లేదు. మత్తయి 7:7 నిజంగానే గొప్ప వాగ్దానం. మార్కు 11:24 ఇంకా గట్టిగా ఉంటుంది. అడగడానికి మొహమాటపడొద్దని, దేవుడు పిసినారి కాడని యేసు చెప్పాలనుకున్నాడు. మనవాళ్లు చాలామంది అసలు అడగడమే మానేస్తారు, అలాంటివాళ్లకు ఆ మాటలు కావాలి.

అయితే అదే భాగంలో రెండు వచనాలు ముందుకు వెళ్తే ఒక తండ్రి, రొట్టె అడిగే కొడుకు కనిపిస్తారు. తండ్రి రాయి ఇవ్వడు. పరలోకమందున్న తండ్రి అడిగేవాళ్లకు "మంచి యీవులు" ఇస్తాడని యేసు అక్కడ ముగిస్తాడు. మన నోటి నుంచి వచ్చిన ప్రతి కోరికనూ అక్షరాలా నెరవేరుస్తానన్న ఒప్పందం అందులో లేదు. 1 యోహాను 5:14 దాన్ని విడమరిచి, ఆయన చిత్తానుసారంగా అడిగితే వింటాడంటుంది.

ఇక ఈ మాట చెప్పిన యేసే సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో బోర్లపడి, సాధ్యమైతే ఈ గిన్నె, అంటే రాబోయే ఆ శ్రమ, తొలగిపోనిమ్మని అడిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ గిన్నె తొలగలేదు. లూకా చెప్పినదాని ప్రకారం ఆయన్ని బలపరచడానికి ఒక దూత మాత్రం కనబడ్డాడు. "అడుగుడి" అన్న వాగ్దానాన్ని బోధించేటప్పుడు గెత్సేమనేను పక్కన పెట్టుకునే బోధించాలి. విడదీసి చెప్పినప్పుడే మనుషులు దెబ్బతింటున్నారు.

నాలో ఏదో పాపం ఉండబట్టే దేవుడు వినడం లేదా?

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. హృదయంలో పాపాన్ని పట్టుకుని ఉంటే ప్రభువు వినడని 66వ కీర్తన చెబుతుంది. భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని 1 పేతురు 3:7లో ఉంది. దీని గురించి ఎంత తక్కువ ప్రసంగాలు వింటామో ఆలోచించండి. మనస్సాక్షి ఫలానా విషయంలో వేలెత్తి చూపుతుంటే ఒప్పుకోండి, సరిదిద్దుకోండి, ఎవరి దగ్గరైనా తీసుకున్నది ఉంటే తిరిగి ఇవ్వండి.

ఫలానా అని ఏమీ తోచకపోతే మాత్రం తవ్వుకుంటూ కూర్చోవద్దు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని అడిగితే, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు సూటిగా కొట్టిపారేశాడు. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు తప్పు ఏమిటో తెలుస్తుంది, దిద్దుకునే దారీ తెలుస్తుంది. ఏ తప్పూ స్పష్టంగా కనబడకుండా పొద్దస్తమానం "నువ్వే ఏదో చేసుంటావు" అని నసపెట్టే గొంతు ఆయనది కాదు.

దేవుని జవాబులు మూడు రకాలు: అవును, కాదు, ఆగు. ఇది నిజమేనా?

తప్పేం కాదు. కానీ మధ్యలో ఉన్న మనిషికి "కాదు"కూ "ఆగు"కూ తేడా తెలియదు. రెండూ మౌనంగానే ఉంటాయి. అబ్రాహాము హారానునుంచి బయల్దేరినప్పుడు 75 ఏళ్లు, దేవుడు వాగ్దానం చేసిన కొడుకు ఇస్సాకు పుట్టినప్పుడు 100 ఏళ్లు. ఆ 25 ఏళ్లలో ఏ రోజు చూసినా అది "కాదు" లాగే ఉంటుంది. అందుకే కష్టంలో ఉన్న మనిషికి ఈ సూత్రం అప్పజెప్పొద్దు. మనకు అనుకూలంగా లేని ప్రతిదాన్నీ మూడు గళ్లలో సర్దేసి, ఇక ఏడవాల్సిన పనిలేదన్నట్టు ఉంటుంది.

ఒకే మనవి ఎన్నాళ్లు అడగాలి? అడిగిందే అడిగితే నమ్మకం లేనట్టా?

అడగొచ్చు. లూకా 18లో అన్యాయస్థుడైన న్యాయాధిపతిని వదలకుండా విసిగించిన విధవరాలి కథ యేసు చెప్పిందే అందుకు. విసుగక నిత్యం ప్రార్థన చేయాలన్నది ఆ కథకు లూకా రాసిన మొదటి వాక్యం. "ఒకసారి అడిగి వదిలేయాలి, మళ్లీ అడిగితే అవిశ్వాసం" అనే బోధకు ఈ కథ ముందు నిలబడే బలం లేదు.

ఆపాల్సిన సందర్భాలూ ఉంటాయి. పౌలు తన శరీరంలోని ముల్లు గురించి ముమ్మారు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అన్న మాట విన్నాక ఆ మనవి ఆపాడు. ముల్లు మాత్రం తీయలేదు. అదేమిటో పౌలు రాయలేదు, అది ఒక రకంగా మేలే అయింది. ఎవరి ముల్లు వాళ్లు ఆ ఖాళీలో పెట్టుకోగలుగుతున్నారు. మోషే యొర్దాను దాటి ఆ మంచి దేశాన్ని చూడనివ్వమని బతిమాలితే, ఇక ఈ సంగతి నాతో మాట్లాడొద్దని దేవుడు ఖండితంగా చెప్పాడు. అలాంటి స్పష్టత మీకు వచ్చేదాకా, లేదా పరిస్థితే ముగిసిపోయేదాకా, అడుగుతూ ఉండండి. ఎన్నిసార్లన్న లెక్క బైబిల్లో లేదు.

"నీ చిత్తమైతే" అని ప్రార్థించడం విశ్వాసం లేకపోవడమా?

ఈ బోధ వింటే నాకు నిజంగా బాధేస్తుంది. నీ చిత్తమే జరగాలని గెత్సేమనేలో యేసు చేసిన ప్రార్థననే అవిశ్వాసం అనడం ఎక్కడి న్యాయం? దానియేలు 3లో, తన ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో షద్రకు, మేషాకు, అబేద్నెగో ఏమన్నారు? మా దేవుడు మమ్మల్ని తప్పించగలడు అన్నారు. వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఒకే ఊపిరిలో రెండూ. వాళ్లు అగ్నిగుండంలోంచి బయటపడతామని తెలిసి ఆ మాట అనలేదు.

దేవుని మీద కోపం వస్తోంది. ఆయనతో అలా మాట్లాడొచ్చా?

మాట్లాడండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. హబక్కూకు ప్రవక్త తన గ్రంథాన్ని దాదాపు ఇదే ఫిర్యాదుతో తెరిచాడు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి విలాపాలే. వాటిలో ఎక్కువ భాగం చివరికొచ్చేసరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన మాత్రం తిరగదు. రాత్రీ పగలూ మొరపెట్టానని మొదలుపెట్టి, స్నేహితులు దూరమయ్యారని, మిగిలింది చీకటేనని చెప్పి అక్కడే ఆగిపోతుంది. దాన్ని ఎవరూ దిద్దలేదు, చివర ఒక హల్లెలూయ అతికించలేదు. దేవుని ప్రజలు దాన్ని అలాగే ఉంచుకుని ఆరాధనలో పాడుకున్నారు.

కోపం వచ్చిందని ప్రార్థన మానేయడం కంటే, ఆ కోపంతోనే ప్రార్థించడం మేలు. మీకు మాటలు రాకపోతే ఆ కీర్తన తీసి పైకి చదవండి, అదే ప్రార్థన.

స్వస్థత కోసం ఉపవాసముండి ప్రార్థించాం. సంఘమంతా ప్రార్థించింది. అయినా మా మనిషి పోయాడు. ఇప్పుడేం చేయాలి?

మొదట, మీరు ప్రార్థించినది వృథా అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఇంకొంచెం ప్రార్థించి ఉంటే బతికేవాడన్న మాట అసలే నమ్మకండి.

2 సమూయేలు 12లో దావీదు జబ్బుపడిన బిడ్డ కోసం ఏమీ తినకుండా రాత్రంతా నేలమీద పడి ఉన్నాడు. పెద్దలు వచ్చి లేపబోయినా లేవలేదు. ఏడో రోజు బిడ్డ చనిపోయాడు. ఆ మాట చెప్పడానికి సేవకులకు ధైర్యం చాలలేదు. బతికుండగానే మన మాట వినలేదు, ఇప్పుడు చెబితే ఏం చేసుకుంటాడో అని గుసగుసలాడుకున్నారు. ఆ గుసగుసలు చూసే దావీదుకు అర్థమైంది. లేచాడు, స్నానం చేశాడు, బట్టలు మార్చుకున్నాడు, దేవుని మందిరానికి వెళ్లి మొక్కాడు, ఇంటికి వచ్చి అన్నం పెట్టమన్నాడు. "నేను వానియొద్దకు పోవుదును గాని వాడు నాయొద్దకు మరల రాడు" అన్నాడు. ఈ కథలో బిడ్డ మరణానికి కారణం నాతాను ప్రవక్త నేరుగా దావీదుకే చెప్పాడు. మీ ఇంటికి అలా ఏ ప్రవక్తనూ దేవుడు పంపలేదు కాబట్టి, దీన్ని పట్టుకుని మీ మీద ఎవరూ తీర్పు చెప్పే వీల్లేదు. నేను ఈ కథ ఎత్తింది దావీదు చేసిన పనుల కోసం. బిడ్డ ఉన్నంతసేపూ "ఒకవేళ దేవుడు కనికరిస్తాడేమో" అని అడిగాడు. పోయాక అడగడం ఆపి, తిన్నాడు, భార్యను ఓదార్చాడు.

అందరూ దావీదులా వెంటనే లేవలేరు. లాజరు చనిపోయాక అతని తోబుట్టువులు మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే మాట అన్నారు: నువ్విక్కడ ఉండి ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదు. అందులో నిష్ఠూరం ఉంది. లాజరు జబ్బు సంగతి తెలిసి కూడా ఆయన ఉన్నచోటే రెండు రోజులు ఆగిపోయాడు మరి. ఆయన వాళ్లను కోప్పడలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా కన్నీళ్లు విడిచాడు. మీ ఏడుపు ఆయనకు కొత్త కాదు, చిన్నతనంగానూ అనిపించదు.

హెబ్రీయులకు 5:7లో నన్ను ఆపేసిన మాట ఒకటి ఉంది. యేసు తనను మరణం నుంచి రక్షించగలవానికి మహా రోదనంతో, కన్నీళ్లతో ప్రార్థించాడని, ఆయన అంగీకరించబడ్డాడని రాసి ఉంది. అంగీకరించబడ్డాడు, అయినా శుక్రవారం సిలువ మీద చనిపోయాడు. తండ్రి జవాబు ఆదివారం పొద్దున, సమాధికి అవతల వచ్చింది. క్రైస్తవుడికి స్వస్థత కోసం చేసిన ప్రార్థన సమాధి దగ్గర మూసుకుపోదు. పునరుత్థానాన్ని నమ్మితే, ఆ మనవి మీద దేవుని చివరి మాట ఇంకా రావాల్సి ఉందని నమ్ముతున్నట్టే. ఇది మీ దిగులును ఇప్పటికిప్పుడు తగ్గించకపోవచ్చు. అయినా ఇది నిజం.

మందులు వాడితే, ఆపరేషన్ చేయించుకుంటే విశ్వాసం లేనట్టా?

కాదు. జబ్బుపడిన హిజ్కియా రాజు ప్రార్థనకు దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచుతానన్నాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం తాగమని రాశాడు. త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చానని కూడా రాశాడు. ఎంతోమందిని స్వస్థపరచిన అపొస్తలుడి సహచరుడే మంచాన పడ్డాడు. ఎవరైనా సరే మందులు ఆపమని చెబితే, ఆ ఒక్క మాటా వినొద్దు. బీపీ, షుగర్, ఫిట్స్, డిప్రెషన్ మందులు డాక్టరుకు చెప్పకుండా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

కానుక ఇచ్చి ప్రత్యేక ప్రార్థన చేయిస్తే జవాబు వస్తుందా?

రాదు. డబ్బిచ్చి దేవుని వరం కొనుక్కుందామనుకున్న సీమోనుతో, నీ వెండి నీతోపాటే నశించునుగాక అని పేతురు అన్నాడు. మీ కష్టం అడ్డం పెట్టుకుని మీ దగ్గర డబ్బు అడిగే చోట ఉండకండి.

పక్కవాళ్లకు జవాబులొస్తున్నాయి, సాక్ష్యాలు చెబుతున్నారు. నాకే ఎందుకు రావు?

పేతురు విడుదలైన ఆ 12వ అధ్యాయం మొదట్లోనే, రెండో వచనంలో, యోహాను సహోదరుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడు. ఒకే రాజు, ఒకే సంఘం, ఇద్దరూ యేసుకు దగ్గరి శిష్యులు. ఒకరు వెళ్లిపోయారు, ఒకరు తిరిగొచ్చారు. లూకా కారణం చెప్పలేదు. యాకోబు తల్లికి పేతురు విడుదల సాక్ష్యం వినడం ఎంత కష్టంగా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు అనుకున్నాను.

విశ్వాసవీరుల అధ్యాయమని చెప్పుకునే హెబ్రీయులకు 11లోనూ ఇదే. 34వ వచనంలో కొందరు ఖడ్గధారను తప్పించుకున్నారు. 37వ వచనంలో కొందరు ఖడ్గంతో చంపబడ్డారు. రెండు గుంపులనూ కలిపి, వీళ్లందరూ విశ్వాసం ద్వారా సాక్ష్యం పొందారని రచయిత రాశాడు. మన సంఘాల్లో మొదటి గుంపుకే మైకు ఇస్తాం. రోగం తగ్గకపోయినా ప్రభువును విడిచిపెట్టని మనిషిని కూడా ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమనాలి. అలా పిలిస్తే వెనక బెంచీల్లో ఎంతమంది తలెత్తి చూస్తారో!

ప్రార్థన పనిచేయదని పరిశోధనలో తేలిందట కదా?

2006లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం గురించి అంటారు. అమెరికాలో ఆరు ఆస్పత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద చేశారు. ప్రార్థన జరిగిందో లేదో తెలియని రెండు గుంపుల్లో ఆపరేషన్ తర్వాతి సమస్యలు 52, 51 శాతం, తేడా లేదు. తమ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్లలో 59 శాతం. నా పరిస్థితి అంత ఘోరంగా ఉందా అన్న టెన్షన్ కారణం కావచ్చని పరిశోధకులే ఒక ఊహ చెప్పారు.

ఈ లెక్కల్ని దాచాల్సిన పనిలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన పేరు చదివి ఇన్ని రోజులని ప్రార్థిస్తే దేవుడు ఫలితం చూపించి తీరాలన్నది పరీక్ష. బైబిల్లో ప్రార్థన తండ్రితో మాట్లాడటం. ఆయన ఇష్టమొచ్చినట్టు జవాబిచ్చే వ్యక్తి. అందుకని ఈ అధ్యయనం విశ్వాసాన్ని కూల్చనూ లేదు. రేపు ఎవరైనా అనుకూలమైన లెక్కలు తెచ్చినా మన విశ్వాసం వాటిమీద నిలబెట్టకూడదు.

ఏళ్ల తరబడి పిల్లల రక్షణ కోసం ప్రార్థిస్తున్నాను. వాళ్లు ఇంకా దూరమవుతున్నారు.

తర్వాత గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీన్ తల్లి మోనికా, కొడుకు కోసం ఏళ్లపాటు ఏడ్చింది. 383లో అతను రోముకు వెళ్లిపోతానంటే, వెళ్లనివ్వొద్దని దేవుణ్ని వేడుకుంది. ఆమె రాత్రి ప్రార్థనలో ఉండగా, ఆమెకు అబద్ధం చెప్పి ఓడెక్కేశాడు. తెల్లారి చూస్తే ఓడ లేదు. ఆ ప్రయాణమే అతన్ని రోముకు, అక్కణ్నుంచి మిలానుకు, ఆంబ్రోసు బిషప్పు దగ్గరికి చేర్చింది. 387 ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నాడు, ఆమె కళ్లముందే. ఆమె ఎప్పటినుంచో అడుగుతున్నది ఇవ్వడానికే, ఆ రాత్రి అడిగినది దేవుడు ఇవ్వలేదని అతనే తర్వాత రాసుకున్నాడు.

ప్రతి తల్లికీ తన కళ్లతో చూసే భాగ్యం దక్కదు, దక్కుతుందని నేను మాటివ్వలేను. మీ పిల్లలతో తెగదెంపులు మాత్రం చేసుకోకండి. ఫోన్ చేసిన ప్రతిసారీ వాక్యం చెప్పకండి. అన్నం తిన్నావా అని అడగండి.

ప్రార్థించాలనే అనిపించడం లేదు. మోకరిస్తే ఖాళీగా ఉంది.

మదర్ థెరీసా 1997లో చనిపోయారు. 2007లో ఆవిడ ఉత్తరాలు బయటికొచ్చాక లోకం ఆశ్చర్యపోయింది. దేవుడు దగ్గర లేడన్న ఆ ఖాళీని ఆవిడ దశాబ్దాలపాటు మోశారు. మోస్తూనే రోజూ తెల్లవారుజామున ప్రార్థనకు కూర్చున్నారు. అనుభూతి లేకపోతే విశ్వాసం చచ్చిపోయినట్టు కాదని ఆ ఉత్తరాలు చాలు చెప్పడానికి.

కొన్నాళ్లు చిన్నగా చేయండి. పరలోక ప్రార్థన ఒక్కసారి, ఒక కీర్తన, అంతే. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఉచ్చరింపశక్యంకాని మూలుగులతో ఆత్మే విజ్ఞాపన చేస్తాడని రోమీయులకు 8:26 చెబుతుంది. ఏలీయా ప్రవక్త ఇక చాలు, చంపేయమని అడిగితే దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు రొట్టె, నీళ్లు పెట్టించాడు. ప్రసంగం తర్వాత. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, బతకాలనిపించకపోవడం వారాల తరబడి ఉంటే అది డాక్టరుకు చెప్పుకోవాల్సిన విషయం, వెంటనే చెప్పండి.

జవాబు రాని మనిషి ఎదురుగా ఉంటే ఏం మాట్లాడాలి?

తక్కువ మాట్లాడాలి. యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు అతని పక్కన నేలమీద మాటాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక, వీళ్లు నా గురించి యుక్తమైనది పలకలేదని చివర్లో దేవుడే అన్నాడు. తన మీద గొంతెత్తి అరిచిన యోబునేమో సమర్థించాడు.

"దేవునికి ఇంకా మంచి ప్రణాళిక ఉంది", "ఆయనకు అక్కడ అవసరమై తీసుకెళ్లాడు" లాంటి మాటలు వద్దు. "నాకూ అర్థం కావడం లేదు, నీతో ఉన్నాను" అంటే సరిపోతుంది. చనిపోయిన మనిషి పేరు మీరు పలకండి. ఆ పేరు ఎవరూ పలకకపోవడం ఇంట్లోవాళ్లకు ఎక్కువ బాధ. ప్రార్థన మనవుల జాబితాలోంచి రోగి పేరు తీసేసిన రోజే, మిగిలిన భార్య పేరో భర్త పేరో పిల్లల పేర్లో అందులో రాయండి. ఆరు నెలలయ్యాక అందరూ మరిచిపోయి ఉంటారు, అప్పుడు ఒకసారి ఇంటికి వెళ్లి కూర్చోండి.